పురిటి గదిలో మిషను సేవ – కృష్ణా, గుంటూరు సీమల చరిత్ర నుండి

మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సంచికకు మిషను వారి స్త్రీ శిశు వైద్యసేవను గూర్చి వ్యాసము వ్రాసి పంపుమని సంపాదకవర్గము వారు కోరిరి. కోరినవెంటనే మేము పుస్తకములు వెదకక, పూర్వము పరిచర్య చేసిన ఒక డెల్టా గ్రామ పాస్టరేటునకు పోయి, గుడి వెస్ట్రీ గదిలోని బీరువా తెరిపించి, పాత భూస్థాపన రిజిస్టరు పైకి తీయించితిమి. చెదలు తిన్న భాగము పోగా మిగిలిన పుటలు చదువుటకు వీలుగానే ఉన్నవి. ఉపదేశిగారి చేవ్రాలు గుండ్రముగా, ఓపికగా ఉన్నది.

ఆ పుటలలో పేరు వ్రాయవలసిన గడి అనేక చోట్ల ఖాళీ. తండ్రి పేరు వ్రాసి, ప్రక్కన "శిశువు" అని మాత్రమున్నది. వయస్సు గడిలో దినములు 6, దినములు 7, దినములు 8, దినములు 9. కొన్ని చోట్ల శిశువు క్రింది వరుసలోనే, రెండు మూడు దినముల తేడాతో, తల్లి. ఆ తల్లికిని పేరు లేదు. ఫలానావాని భార్య. మేము కొన్ని పుటలు లెక్కపెట్టి, తరువాత లెక్కపెట్టుట మానివేసితిమి. మాతో వచ్చిన సంఘపెద్దగారు రిజిస్టరు మూసి, "అయ్యగారూ, వీళ్ళందరికీ బాప్తిస్మపు పేరన్నా పెట్టలేదండీ" అని మాత్రము అన్నారు.

ఏడు, ఎనిమిది, తొమ్మిది దినములన్న ఆ అంకెలకు కారణము నేడు వైద్యులు సులభముగా చెప్పుదురు. అది ధనుర్వాతము. బొడ్డుత్రాడును కొడవలితోనో, వెదురుబద్దతోనో కోసి, దానిపై బూడిదయో, పేడయో అద్దినప్పుడు మట్టిలోని క్రిమి పసిబిడ్డ శరీరములో ప్రవేశించును. మూడు నాలుగు దినములు బిడ్డ చక్కగా పాలు త్రాగును. తరువాత దవుడలు బిగిసి పాలు పట్టదు. వారము తిరుగునప్పటికి ఒళ్ళు విల్లువలె వంగి ప్రాణము పోవును. తల్లికి వచ్చునది పురిటి జ్వరము. అదియు కడుగని చేతులవలన వచ్చునదే. పల్లెలో దీనిని గాలి అనిరి, దిష్టి అనిరి, పురిటి వాతమనిరి.

ఈ మాట చదివి మన పూర్వులు అజ్ఞానులని ఎవరును నవ్వరాదు. వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, పురుడు పోయుటకు ముందు వైద్యులు చేతులు కడుగుకొనవలెనని 1847లో నియమము పెట్టగా, తోడి వైద్యులే ఆయనను ఎగతాళి చేసిరి. లిస్టరు దొర కార్బాలిక్ ఆమ్లముతో గాయములను శుభ్రపరచు పద్ధతిని ప్రకటించినది 1867లో. మిషనెరీ డాక్టరమ్మలు మన సీమకు వచ్చునాటికి ఈ జ్ఞానము వారి దేశములలోనే పసిది.

ఇక మంత్రసాని. మిషను వృత్తాంతములలో ఈమెకు మంచి మాట దొరకుట అరుదు. మురికిది, మూర్ఖురాలు, మూఢనమ్మకముల పుట్ట అని వ్రాసిరి. మన తెలుగు బైబిలు మాత్రము ఆమె పేరును గౌరవముతోనే వాడినది. నిర్గమకాండములో ఫరో ఆజ్ఞను మీరి మగబిడ్డలను బ్రతికించినవారు మంత్రసానులే. రాహేలు బేత్లెహేము త్రోవలో ప్రసవించి చనిపోవునప్పుడు ఆమె ప్రక్కనుండి ధైర్యము చెప్పినదియు మంత్రసానియే. మన పల్లెలలో ఈ పని తరతరములుగా మంగలి స్త్రీలదిగానో, మన పేటలలో పేదరాలైన ఒక ముసలమ్మదిగానో ఉండెను. కొలత గింజలు, పాత చీర ఆమె కూలి. నూనె పూసి నడుము నిమురుట, చూలాలిని నడిపించుట, అడ్డము తిరిగిన బిడ్డను పైనుండి సవరించుట, భయపడిన పిల్లకు కబుర్లు చెప్పుట ఇవన్నియు ఆమెకు తెలుసు. కంటికి కనబడని క్రిమి సంగతి ఆమెకు తెలియదు. బిడ్డ అడ్డుపడి రెండు దినములు, మూడు దినములు గడచినప్పుడు ఆమె చేతిలో ఉపాయము లేదు.

అట్లు అడ్డుపడుటకు బాల్యవివాహము ఒక ముఖ్యకారణము. పన్నెండు పదమూడేండ్ల పిల్లకు తొలిచూలు. ఆ ఎముకలు ఇంకను ఎదుగలేదు. వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము చేయించిన దినములవి. ఆడపిల్ల పెండ్లికి కనీసము పదునాలుగేండ్లు నిండవలెనని చెప్పిన శారదా చట్టము 1929 వరకు రాలేదు. ఈ విషయమున మన క్రైస్తవ కుటుంబములు మేలుగా ఉండెనని చెప్పుకొనవలెనని మాకు ఆశ కలదుగాని, పాత వివాహ రిజిస్టరులు చూచినవారెవరును ఆ మాట గట్టిగా చెప్పలేరు.

కృష్ణా డెల్టా సంగతి అందరికిని తెలిసినదే. బెజవాడ వద్ద ఆనకట్ట 1855లో పూర్తియైన తరువాత బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ నీళ్ళతో ఈ నేల పచ్చబడెను. వరి పండినది, ధనము పెరిగినది. అయినను వానకాలములో నల్లరేగడి బాటలో బండి చక్రము ఇరుసు వరకు దిగబడును. నొప్పులు పడుచున్న స్త్రీని మంచముపై మోసికొని కాలువగట్టుకు తెచ్చి పడవ ఎక్కించుటయే దిక్కు. పడవను గట్టుమీదనుండి త్రాడుతో లాగుదురు. లాకుల వద్ద ఆగవలెను. రాత్రియైనచో లాకు తలుపు తీయువాడు లేచువరకు ఆగవలెను. బెజవాడ చేరినవారు గుంటూరు పోవలెనన్న నదిని బల్లకట్టుపై దాటవలెను. 1890ల దశాబ్దములో కృష్ణపై రైలు వంతెన వచ్చిన పిమ్మట ఈ బాధ కొంత తీరెను.

గుంటూరు ఎందుకనగా, నదికి ఈవల మన సంఘ పితరుల బలమంతయు బడులయందే ఉండెను. చర్చి మిషనెరీ సొసైటీ పంపిన నోబులు దొరగారు, ఫాక్సు దొరగారు 1841లో మచిలీపట్నము చేరిరి. నోబులు దొరగారి బడి 1843లో ఆరంభమైనది. అక్షరము నేర్పినవారిని మనము ఎన్నటికిని మరువరాదు. అయితే పురిటి గదిలోనికి అక్షరము ఆలస్యముగా పోవును. నదికి ఆవల గుంటూరులో లూథరను మిషనును స్థాపించిన హేయరు అయ్యగారు 1842లో వచ్చిరి. ఆయన స్వదేశమునకు తిరిగి వెళ్ళినప్పుడు, యాబదియేండ్లు దాటిన వయస్సులో, వైద్యము చదివి 1847లో పట్టముపొంది మరల వచ్చిరి. ఔషధపు పెట్టె లేనిది ఈ సీమలో బోధ చాలదని ఆయనకు అప్పుడే తోచినది. కాని ఆయన పురుషుడు. ఘోషా ఇండ్లలోనికి, పురిటి గదిలోనికి ఆయనకు త్రోవ లేదు.

ఆ త్రోవ దొరికినది డాక్టరు అన్నా సారా కుగ్లరు అమ్మగారికి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1856లో జన్మించి, అక్కడి స్త్రీల వైద్య కళాశాలలో 1879లో పట్టముపొందిరి. గుంటూరులోని రో దొరగారు ఇక్కడి స్త్రీల అవస్థను గూర్చి వ్రాసిన ఉత్తరము ఆమెను కదిలించెను. ఆమె తమ సంఘపు స్త్రీల మిషను సమాజమునకు దరఖాస్తు పెట్టగా, వైద్యసేవకు తాము ఇంకను సిద్ధముగా లేమని, కావలసినచో ఉపాధ్యాయినిగా పోవచ్చునని జవాబు వచ్చెను. వైద్యురాలైన ఆమె ఉపాధ్యాయినిగానే బయలుదేరి, మందులపెట్టె కూడ వెంటబెట్టుకొని, 1883 నవంబరులో గుంటూరు చేరిరి. పగలు జెనానా ఇండ్లలో చదువు చెప్పుట ఆమె పని. మొదటి సంవత్సరములోనే రోగుల ఇండ్లకు పోయి 185 మందికి, తాము నివసించిన ఇంటివద్ద 276 మందికి మందు ఇచ్చిరి. సమాజమువారు ఆమెను వైద్య మిషనెరీగా నియమించినది 1885లో. పనియే ముందు నడచెను, అనుమతి దాని వెనుక వచ్చెను. మన సంఘములలో కమిటీ తీర్మానము లేనిదే చీపురు కూడ కొనని మాబోటివారికి ఇది చదివినప్పుడు కొంచెము సిగ్గు కలుగును.

చిన్న ఔషధశాలతో మొదలైన పని పెరిగి, 1898 జూను 23వ తేదీన స్త్రీల కొరకును పిల్లల కొరకును యాబది పడకల ఆసుపత్రి ప్రతిష్ఠింపబడెను. గుంటూరువారు నేటికిని దానిని కుగ్లరు ఆసుపత్రి అనియే అందురు.

ఆసుపత్రిలో ఒక దినము ఎట్లు గడచెను? ఆ కాలపు మిషను వైద్య వృత్తాంతములను, మా సంఘములోని వృద్ధ స్త్రీలు తమ తల్లుల నోట విన్న మాటలను కలిపి చూచినచో, ఏ మిషను ఆసుపత్రియందైనను దినచర్య ఇంచుమించు ఈ విధముగా ఉండెనని తోచుచున్నది.

తెల్లవారకముందే బావి వద్ద గిలక చప్పుడు. నీళ్ళు తోడినవారు కాగులు పొయ్యిపై పెట్టి, అవి తెర్లువరకు కాచవలెను. నీళ్ళు కాగనిదే ఆసుపత్రి లేదు. కత్తెరలు, సూదులు, గుడ్డలు సమస్తమును ఆ నీటిలో ఉడుకవలెను. పాత చీరెలను చింపి, ఉతికించి, కాచి, ఎండబెట్టి మడతలు పెట్టుట ఒక పెద్ద పని. పురిటి వార్డులో ఒక రాత్రికి ఎన్ని గుడ్డలు కావలెనో మన తల్లులకు చెప్పనవసరము లేదు. చాకలి రాని దినమున నర్సమ్మలే ఉతుకుదురు. తరువాత గంట, ప్రార్థన. వార్డులో నడువగలిగినవారు వచ్చి కూర్చుందురు, నడువలేనివారు మంచముపైనుండి విందురు. ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఒకటి పాడుదురు. రాగము తెలిసిన రాగము గనుక హిందూ స్త్రీలును గొంతు కలుపుదురు.

ప్రొద్దెక్కునప్పటికి ఔషధశాల వసారా నిండును. బైబిలు స్త్రీ బల్లపై కూర్చుండి వచ్చినవారికి బొమ్మల పటము చూపి కథ చెప్పుచుండును. వారిలో సగముమంది కథ విందురు, సగముమంది తమ వంతు ఎప్పుడని చూచుచుందురు. సీసా ఎవరిది వారు తెచ్చుకొనవలెను. కొందరు నూనె సీసా కడుగకయే తెత్తురు. కాంపౌండరు తిట్టి పంపును, వారు బావికి పోయి కడిగి వత్తురు. అగ్రజాతి స్త్రీలు నీటి మందు పుచ్చుకొనరు. నీరు ఎవరి చేతిదో గదా. వారికి పొడిమందు కాగితములో పొట్లము కట్టి ఇచ్చిన, ఇంటికి పోయి తమ నీటిలో కలుపుకొందురు.

చెట్లక్రింద మరియొక ఊరు. ఒక రోగితో అత్త, తల్లి, ఆడబిడ్డ, ఇద్దరు పిల్లలు, ఒక్కొక్కప్పుడు పాలమేక కూడ వచ్చును. మూడు రాళ్ళు పెట్టి ఎవరి వంట వారు వండుకొందురు. బాలింతకు ఏమి పెట్టవలెనను సంగతిపై ప్రతిదినము యుద్ధమే. డాక్టరమ్మగారు దాహమిమ్మందురు. అత్తగారు, పచ్చి బాలింతకు నీళ్ళిచ్చిన ఒళ్ళు ఉబ్బునని, చాటుగా కాయము ముద్ద నోట పెట్టును. డాక్టరమ్మగారు కిటికీ తెరిపింతురు, అత్తగారు గాలి సోకునని మూయును. మా సంఘములో ఒక పెద్దామె చెప్పినట్లు, ఆ కిటికీ దినమునకు ఇరువదిసార్లు తెరచుకొని ఇరువదిసార్లు మూసికొనెడిదట. చివరకు అత్తగారిని గెలిచినది వాదము కాదు. పదవ దినమున బిడ్డ పాలు త్రాగుచుండుట చూచి ఆమెయే తగ్గును. తరువాతి కాన్పుకు కోడలి చెల్లెలిని వెంటబెట్టుకొని ఆమెయే వచ్చును.

ధనికులవద్ద రుసుము పుచ్చుకొనిరి, బీదలకు ధర్మముగా చేసిరి. వంకాయలు, నెయ్యి, కోడిపెట్ట, కొత్త బియ్యము రుసుమునకు బదులు వచ్చుటయు కలదు. రాత్రివేళ లాంతరు పట్టుకొని మనిషి వచ్చి తలుపు తట్టినచో బండి కట్టింపవలసినదే. ఇంటికి పోవువరకు సంగతి ఏమో తెలియదు. చాలసార్లు మంత్రసానియు, మంత్రగాడును విడిచిపెట్టిన తరువాతనే కబురు వచ్చును. అప్పటికి ఆలస్యమైనచో, తెల్లదొరసాని వచ్చి చంపినదను అపవాదు కూడ భరింపవలెను.

తల్లి పోయి బిడ్డ మిగిలిన సందర్భములు వేరు. అట్టి బిడ్డను తల్లిని మింగినదని ఇంటికి తీసికొనిపోవుటకు కొందరు ఇష్టపడరు, ఆడపిల్లయైనచో మరియు ఇష్టపడరు. ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పాలు పోసి, రాత్రింబగళ్ళు ఒడిలో పెట్టుకొని బ్రతికించినవారు ఆయాలు. అట్టి పిల్లలు కొందరు మిషను బోర్డింగులో పెరిగి ఉపాధ్యాయినులై, నర్సులై, పాస్టరుల భార్యలై మన సంఘములను పోషించిరి. వారి మనుమలు ఈ సంచిక చదువుచుందురని మేము నమ్ముచున్నాము.

ఇక్కడ ఒక సంగతిని కొంచెము నిలిచి చూడవలెను. ఆ నర్సులు, ఆయాలు ఎవరు? అధికభాగము మన పేటలనుండి పోయిన ఆడపిల్లలు. ఊరి బావిని ముట్టనీయని, గుమ్మము దగ్గరకు రానీయని ఇండ్లలోని పిల్లలు. అగ్రహారపు స్త్రీ అడ్డుపడిన కాన్పుతో వచ్చినప్పుడు ఆమెను పట్టుకొనినది ఈ చేయియే, ఆమె బిడ్డను మొదట తాకినది ఈ చేయియే. ఇది ఎట్లు సాధ్యమయ్యెనని మేము చాలకాలము ఆలోచించితిమి. మాకు తోచిన సమాధానమొకటి. పురిటి పది దినములు ఏ కులపు స్త్రీయైనను తన ఇంటిలోనే అంటరానిది. వెనుక గదిలో చాపపై ఆమెను వేరుగా ఉంతురు, ఆమె కంచము వేరు, ఆమె గుడ్డ ఎవరును ముట్టరు. పదకొండవ దినపు స్నానముతో ఆ మైల పోవును. మన పిల్లలకు ఆ పదకొండవ దినము ఎన్నడును రాలేదు. మైల అనబడిన ఇద్దరు స్త్రీలు ఆ గదిలో కలిసికొనిరి. వారిలో ఒకతె ఇంటికి పోయి స్నానము చేసి మరల పెద్దకులపు ఇల్లాలాయెను. రెండవది మరునాడు అదే వార్డులో వేరొకతెను పట్టుకొనెను. ఇంటికి పోయినామె ఆ చేతిని జ్ఞాపకముంచుకొనెనా? కొందరు ఉంచుకొనిరి. అందరును ఉంచుకొనిరని వ్రాయుట మాకు సాధ్యము కాదు.

ఏలూరు జమీందారులైన రాజా మంత్రిప్రగడ భుజంగరావు బహద్దూరువారు తమ భార్యకు కుగ్లరు అమ్మగారు సుఖప్రసవము చేయించినందుకు కృతజ్ఞతగా, ఆసుపత్రికి వచ్చు హిందువుల బంధువులు దిగుటకు ఒక సత్రము కట్టించి ఇచ్చిరి. ఇది ఉదారమైన పని. వారి వారి ఆచారములు చెడకుండ వండుకొని తినుటకు చోటు దొరికినందున, రావలెనని ఉండియు భయపడినవారు వచ్చిరి. ఇట్టి వేరు వంటశాలలు, వేరు సత్రములు మిషనువారు అంగీకరించుట సరియేనా? మేము వేదాంత కళాశాలలో చదువుకొను దినములలో ఈ ప్రశ్నపై ఒక రాత్రియంతయు వాదించితిమి. అది కులమునకు సాగిలపడుటయే అని అప్పుడు మా పక్షము. ఇప్పుడు భూస్థాపన రిజిస్టరు చూచిన పిమ్మట అంత గట్టిగా అనలేము. కాపాడవలసిన తల్లి ముందు గుమ్మము లోపలికి రావలెను. అయితే ఈ సర్దుబాటు మన నర్సమ్మలకు ఎట్లుండెనో ఎవరును వారిని అడిగి వ్రాసిపెట్టలేదు. అందుచేత తీర్పు సగమే ఇచ్చి విడిచిపెట్టుచున్నాము.

కుగ్లరు అమ్మగారికి 1905లో ప్రభుత్వమువారు కైసర్-ఎ-హింద్ పతకమిచ్చిరి. నలుబదియారు సంవత్సరములకు మించి ఈ సీమలో సేవచేసి 1930 జూలైలో గుంటూరులోనే కన్నుమూసిరి.

అదే గుంటూరులో మరియొక డాక్టరమ్మ చరిత్ర కలదు. ఆమె రోమను కతోలిక కన్యక గనుక మన ప్రొటెస్టెంటు సంచికలలో ఆమె పేరు రాదు. అది మన లోపము. మేరీ గ్లౌరీ అను ఈమె ఆస్ట్రేలియా దేశస్థురాలు, మెల్బోర్ను విశ్వవిద్యాలయమున 1910లో వైద్యపట్టము పొందిరి. ఆగ్నెస్ మెక్లారెన్ అను స్కాట్లండు వైద్యురాలిని గూర్చిన చిన్న పుస్తకము 1915లో చదివి, ఘోషా స్త్రీలు మందులేక చనిపోవుచున్నారని తెలిసికొని, ఇండియాకు పోవ నిశ్చయించుకొనిరి. 1919లో స్త్రీ వైద్యములోను, ప్రసూతి వైద్యములోను, నేత్ర వైద్యములోను పైపట్టము సంపాదించి, 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి, యేసు మరియ యోసేపు సభలో చేరిరి. ఇందులో ఒక చిక్కు ఉండెను. కన్యకాస్త్రీలు వైద్యవృత్తి చేయుట వారి సంఘశాసనమునకు విరుద్ధము. పోపు పదునైదవ బెనడిక్టుగారు ప్రత్యేకానుమతి ఇచ్చుటవలన ఆమె వైద్యురాలుగా పనిచేయగలిగిరి. కన్యకలందరు ప్రసూతి వైద్యము నేర్చుటకు రోమునుండి సాధారణానుమతి వచ్చినది 1936లో మాత్రమే. లూథరను సమాజమువారు కుగ్లరు అమ్మగారితో చెప్పిన జవాబునకును దీనికిని పోలిక చూడుడు. రెండు సంఘములలోను ఆటంకము బయటి లోకమునుండి రాలేదు.

గ్లౌరీ అమ్మగారు సంవత్సరముల తరబడి తమ సభకు ఏకైక వైద్యురాలుగా పనిచేసిరి. మందులు దొరకని కాలములో ఈ దేశపు ఆకులు, వేళ్ళు పరిశీలించి వాడిరి. పల్లె ఆడపిల్లలకు మందులు కలుపుట, పురుడు పోయుట నేర్పిరి. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘమును ప్రారంభించిరి. 1957లో బెంగుళూరులో నిద్రించిరి. 2013లో వారి సంఘమువారు ఆమెను దేవుని సేవకురాలని ప్రకటించిరి.

ఇతర స్థలములను గూర్చి రెండు మాటలు చాలును. రాజమండ్రిలో లిడియా వోర్నరు డాక్టరమ్మగారి స్త్రీ శిశువుల ఆసుపత్రి 1911లో వెలసెను. చీరాలలో మేరీ బేరు డాక్టరమ్మగారు పనిచేసిరి. డెల్టా నడుమ వుయ్యూరు, ఆకివీడులలో కెనడియను బాప్టిస్టులు, నూజివీడులో 1925 నుండి సెవెంత్ డే అడ్వెంటిస్టులు ఆసుపత్రులు నడిపిరి. 1918లో వేలూరులో ఐడా స్కడర్ అమ్మగారు స్త్రీల కొరకు వైద్య పాఠశాల తెరచిన పిమ్మట, మన దేశపు స్త్రీలే డాక్టరమ్మలగుటకు మరియొక త్రోవ ఏర్పడెను.

స్వాతంత్ర్యము తరువాత పని చేతులు మారెను. గుంటూరు వైద్య కళాశాల 1946లో వచ్చినది. తాలూకాలలో ప్రభుత్వ ఆసుపత్రులు, పల్లెలకు ఏ.ఎన్.ఎమ్.లు వచ్చిరి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన సమయమున అన్ని సంఘముల వైద్యులును, నర్సులును ఏ మిషను ఏదియని అడుగక పనిచేసిరి. 2005లో 108 బండి వచ్చినది. పడవ, బల్లకట్టు, మోసిన మంచము అన్న మాటలు నేటి చూలాలికి కథలే. గర్భిణికి ధనుర్వాతపు టీకా, ఆసుపత్రి కాన్పు, శుభ్రమైన బ్లేడు వీటి ఫలితముగా, తల్లులకు పసిబిడ్డలకు వచ్చు ధనుర్వాతము ఈ దేశమున నిర్మూలమైనదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచెను. మేము ముందు చెప్పిన రిజిస్టరులోని ఏడు, ఎనిమిది, తొమ్మిది దినములను అంకెలకు ముగింపు ఆ సంవత్సరమే.

మిషను ఆసుపత్రులలో కొన్ని నేడును నడచుచున్నవి, కొన్ని మూతబడినవి. విదేశపు ధనము తగ్గుట ఒక కారణము, పట్నములలో పెద్ద పెద్ద ప్రయివేటు ఆసుపత్రులు వచ్చుట మరియొకటి. మన తగాదాలు మూడవది, దీనిని దాచిపెట్టుట మంచిది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆసుపత్రికి ప్రార్థనకొరకు పోయితిమి. పురిటి వార్డు తలుపుకు తాళము. కిటికీలోనుండి చూడగా ఇనుప ఉయ్యాలలు ఒకదానిపై ఒకటి పేర్చి యున్నవి. వాటి ప్రక్కన మహాసభకు వాడిన బ్యానరులు చుట్టి పెట్టియున్నవి. తాళపుచెవి ఎవరివద్ద ఉన్నదను సంగతి కోర్టులో ఉన్నదని కావలివాడు చెప్పెను.

ఇంత వ్రాసిన పిమ్మట మాకు మిగిలిన బాధ ఒకటే. డాక్టరమ్మల పేర్లు పుస్తకములలో ఉన్నవి, రాళ్ళపై చెక్కియున్నవి. నీళ్ళు కాచినవారు, గుడ్డలు ఉతికినవారు, ఉగ్గుగిన్నె పట్టినవారు వార్షిక నివేదికలలో ఇద్దరు నర్సులు, నలుగురు ఆయాలు అని అంకెలుగా మాత్రమే ఉన్నారు. నిర్గమకాండము వ్రాసినవారు ఐగుప్తు రాజు పేరు చెప్పలేదు, ఫరో అని ఊరకున్నారు. ఇద్దరు మంత్రసానుల పేర్లు మాత్రము షిఫ్రా, పూయా అని స్పష్టముగా వ్రాసిరి. మన నివేదికలు ఈ విషయమున తలక్రిందులుగా వ్రాయబడెను.

కాబట్టి మా పాస్టరేటులో ఈ శతవార్షికమునకు ఒక చిన్న పని మొదలుపెట్టితిమి. వెస్ట్రీ బల్లపై ఒక నోటుపుస్తకము ఉంచితిమి. మన కుటుంబములనుండి ఏ మిషను ఆసుపత్రిలోనైనను నర్సుగా, ఆయాగా, కాంపౌండరుగా, బైబిలు స్త్రీగా, వంటమనిషిగా పనిచేసినవారి పేరు, ఊరు, జ్ఞాపకమున్న సంగతి ఒకటి వ్రాయుమని ఆరాధన తరువాత ప్రకటించితిమి. మొదటి ఆదివారము ఎవరును రాలేదు. రెండవ ఆదివారము ఒక వృద్ధురాలు మనుమరాలి చేయి పట్టుకొని వచ్చి, తన తల్లి పురిటి వార్డులో ఆయా అని చెప్పెను. పేరు అడుగగా చాలసేపు ఆలోచించి, "అందరూ ఆయమ్మ అనేవాళ్ళండీ, అయ్యగారూ. మేమూ అట్లానే పిలిచేవాళ్ళం" అన్నది. మనుమరాలు ఇంటికి పోయి, పెట్టెలోని పాత బాప్తిస్మపు కాగితము వెదకి, పేరు తెలిసికొని సాయంకాలము తానే వచ్చి వ్రాసిపోయెను.

ఈ వ్యాసము అచ్చునకు పంపు దినమునకు ఆ పుస్తకములో పదకొండు పేర్లు చేరినవి. వాటిలో నాలుగింటికి ఇంటిపేరు తెలియదు. ఇతర పాస్టరేటులవారు తమ పేర్లను వ్రాసి పంపినచో చేర్చుకొందుము.